సంచీనా, మనిషా, శవమా? డార్క్ కామెడీ క్రైమ్ సినిమా పెట్టే ముందు

కనుమ రోజు రాత్రి. గారెలు, కోడికూర తిని ఇంటిల్లిపాదీ హాల్లో చేరాం. పదకొండు మందిమి. రిమోట్ నా చేతిలో పడింది. అప్పటికే నేను మూడుసార్లు చూసి మురిసిపోయిన ‘అంధాధున్’ పెట్టాను. అరగంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక సీనుంది. చూపు లేదని అందరూ నమ్మే కుర్రాడు హాల్లో కూర్చుని పియానో వాయిస్తుంటాడు. వాడికి ఏమీ కనబడదన్న ధీమాతో ఆ ఇంట్లోనే ఇద్దరు నోరు మెదపకుండా, సైగలు చేసుకుంటూ ఒక శవాన్ని సర్దుతుంటారు. నేనూ మా బావా పగలబడి నవ్వుతున్నాం. మా అక్క కొడుక్కి ఏడేళ్లు. వాడు నా వైపు తిరిగి, “ఆ అంకుల్ చచ్చిపోయాడు కదా మామయ్యా, మీరెందుకు నవ్వుతున్నారు?” అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం “పండగ పూట ఇదేం సినిమారా” అంటూ లేచి లోపలికి వెళ్లిపోయింది. అక్క నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది. మిగతా రాత్రంతా పాత పాటల కార్యక్రమం చూశాం.

తప్పు సినిమాది కాదు, నాదే. ఆ తర్వాత ఎవరైనా “మంచి డార్క్ కామెడీ ఒకటి చెప్పు” అంటే వెంటనే పేరు చెప్పడం మానేశాను. ముందు ఎవరెవరు కూర్చుంటున్నారని అడుగుతాను. తర్వాత, ఏది మోస్తే మీకు ఇబ్బంది ఉండదని అడుగుతాను. సంచీనా, మనిషా, శవమా?

ఈ ప్రశ్న కొంచెం వివరించాలి. ఈ తరహా సినిమాల్లో కథ దాదాపు ఒకే చోట మొదలవుతుంది. నేరానికి ఏ మాత్రం పనికిరాని మామూలు మనిషి చేతికి దించుకోలేని బరువు ఒకటి వస్తుంది. అది డబ్బు సంచీ కావచ్చు, కిడ్నాప్ చేసి తెచ్చిన మనిషి కావచ్చు, శవం కావచ్చు. సంచీ మోసేవాడిని చూసి నవ్వడం తేలిక, ఎందుకంటే వాడిది ఆశ. మనిషిని ఎత్తుకొచ్చినవాడిని చూసి నవ్వాలంటే ఆ మనిషికి ఏమీ కాదన్న నమ్మకం మనకు ఉండాలి. శవం దగ్గరికొచ్చేసరికి నవ్వుతూనే ‘ఇలా నవ్వొచ్చా’ అని ఒక అనుమానం. అక్క కొడుకు అడిగింది కూడా అదే. ఈ అనుమానం ఎంత గట్టిగా పట్టుకుంటే సినిమా అంత డార్క్ అన్నమాట.

పోస్టర్ల మీద, ఓటీటీ యాప్‌లలో మాత్రం ఈ మూడింటినీ కలిపి ‘క్రైమ్ కామెడీ’ అని ఒకే గంపలో వేస్తారు. పేచీ అక్కడే వస్తుంది.

ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. చావు దగ్గర నవ్వడం మనకు కొత్తేమీ కాదు. పెద్దకర్మ భోజనాల్లో గారెలు గట్టిపడ్డాయని అల్లుడు అలగడం, పోయినాయన అప్పు పుస్తకం ఎవరి దగ్గరుందోనని పాడె లేవకముందే తమ్ముళ్లు గుసగుసలాడటం మనం చూడనివి కావు. మన ఊళ్లలో ఈ నవ్వు ఎప్పటినుంచో ఉంది. తెర మీదకు రావడానికే చాలా కాలం పట్టింది.

సంచీ సినిమాలు

కొత్తవాళ్లకు, పెద్దవాళ్లతో కూర్చునేవాళ్లకు నేను ముందు సంచీ సినిమానే చెబుతాను. ఇందులో ‘క్షణ క్షణం’ (1991), ‘స్వామి రారా’ (2013) రెండిటి మధ్యే అసలు పోటీ.

‘క్షణ క్షణం’లో బ్యాంకు దోపిడీ సొమ్ము ఎక్కడ దాచారో తెలిపే రసీదు ఒకటి ఫోటో స్టూడియో కవర్లో పడి, ఏ పాపం తెలియని శ్రీదేవి చేతికి చేరుతుంది. ఆమె వెనక పరేష్ రావల్ ముఠా, పోలీసులు పడతారు. ఆమెతో పాటు పరిగెత్తే చిల్లర దొంగ వెంకటేష్. రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ తర్వాత తెలుగులో తీసిన ఈ సినిమాలో రక్తం కంటే భయం ఎక్కువ, ఆ భయమే హాస్యం. అడవిలో రాత్రి, పడుకోవడానికి చోటు లేదు, ప్రాణం పోయేలా ఉంది. అప్పుడు కూడా శ్రీదేవి చేసే ఫిర్యాదులు ఇంట్లో దుప్పటి దొరకని ఆడపిల్ల చేసేవే. ఇప్పుడు చూస్తే కొన్ని చోట్ల సాగదీసినట్టు ఉంటుంది. పాటలు కథను ఆపుతాయి. అయితే కీరవాణి బాణీల్లోని ‘జాము రాతిరి’ వస్తుంటే ఆపారని ఫిర్యాదు చేసే తెలుగువాడు నాకింకా కనబడలేదు.

‘స్వామి రారా’లో సంచీ బదులు వినాయకుడి విగ్రహం. తిరువనంతపురం అనంతపద్మనాభస్వామి గుడి నేలమాళిగల్లో నిధులు బయటపడిన వార్తలు 2011లో దేశమంతా మోగిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లకే ఆ గుడి నుంచి పోయిన విగ్రహం చేతులు మారుతూ తిరిగే కథ రాసుకుని సుధీర్ వర్మ తొలి సినిమా తీశాడు. నిఖిల్, స్వాతి జంట. విగ్రహం ఎవరి చేతిలో ఉంటే వాడికి మూడుతుంది. ఇందులో హత్యలున్నాయి గానీ, కెమెరా వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడదు. వేగం కావాలనుకునే కుర్రకారుకు ‘స్వామి రారా’, అమ్మానాన్నలతో అయితే ‘క్షణ క్షణం’. ఇందులో నాకు అనుమానమేమీ లేదు.

ఈ వరసలోనే వచ్చినట్టు కనిపించి, నిజానికి మరింత నల్లగా ఉండే సినిమా ఒకటుంది. నెల్సన్ తొలి చిత్రం, తమిళంలో ‘కోలమావు కోకిల’ (2018). తెలుగులోకి ‘కో కో కోకిల’గా డబ్ అయింది. కోలమావు అంటే ముగ్గు పిండి. తల్లి క్యాన్సర్ వైద్యానికి డబ్బు లేక ఒక మధ్యతరగతి అమ్మాయి కొకైన్ మోయడానికి ఒప్పుకుంటుంది. ముగ్గు పిండికీ ఆ తెల్ల పొడికీ మధ్య ఉన్న పోలిక మీదే సినిమా మొత్తం నవ్విస్తుంది. నయనతార ముఖంలో ఒక్క నరం కదలదు. అమాయకత్వమో, ఆరితేరినతనమో చివరిదాకా తేల్చుకోలేం. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు వచ్చి ఉంటే ఈ సినిమా పెట్టకండి. అక్కడ వచ్చే నవ్వు వాళ్లకు నవ్వులా ఉండదు.

మనిషిని ఎత్తుకొచ్చే సినిమాలు

తెలుగులో ఈ దారి వేసింది ‘మనీ’ (1993). వర్మ నిర్మాణంలో శివనాగేశ్వరరావు తీసిన తొలి సినిమా. పని లేని ఇద్దరు కుర్రాళ్లు జె.డి. చక్రవర్తి, చిన్నా. డబ్బున్న ఇల్లాలు జయసుధను ఎత్తుకొచ్చి, మొగుడు పరేష్ రావల్‌కు ఫోన్ చేస్తారు. ఆయనకు కావలసింది కూడా అదే, పెళ్లాం పీడ వదలడం. డబ్బివ్వడు. ఇప్పుడు ఈ ఇద్దరూ ఆమెను ఏం చేయాలి? వదిలేయలేరు, ఉంచుకోలేరు, తిండి పెట్టాలి. ఇదే మూల సూత్రంతో 1986లో హాలీవుడ్‌లో ఒక సినిమా వచ్చింది. కానీ ‘మనీ’ని మనదిగా చేసింది బ్రహ్మానందం ఖాన్‌దాదా. సినిమా హీరో కావాలని తపించే వీధి రౌడీ. ముప్పై ఏళ్లు దాటినా ఆ ముఖం మన ఫోన్లలో స్టిక్కర్‌గా తిరుగుతూనే ఉంది. నిజం చెప్పాలంటే ఇది డార్క్ కామెడీలో లేత రంగు. భార్యను చంపించాలనుకునే మొగుడి కథ ఇంత సరదాగా ఎలా ఉందా అని మర్నాడు పళ్లు తోముకుంటున్నప్పుడు తడుతుంది.

అదే తీగను చివరిదాకా లాగితే ‘ఫార్గో’ (1996). కోయెన్ సోదరులది. అమెరికాలో మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల మంచులో జరిగే కథ. అప్పుల్లో మునిగిన కార్ల సేల్స్‌మన్ మామగారి డబ్బు కోసం తన పెళ్లాన్ని తానే కిడ్నాప్ చేయించుకుంటాడు. పని ఒప్పుకున్న ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఇక్కడ మనిషి కథ చూస్తుండగానే శవాల కథగా మారిపోతుంది. దర్యాప్తు చేసేది నిండు గర్భిణి అయిన పోలీసు అధికారిణి. హత్య జరిగిన చోట వంగి చూస్తూనే వేవిళ్లు అంటుంది, కాసేపటికే ఆకలి అంటుంది. ఆ పాత్రకు ఫ్రాన్సిస్ మెక్‌డోర్మాండ్‌కు ఆస్కార్ వచ్చింది, కథనానికి ఇంకొకటి వచ్చింది. మొదట్లో ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని తెర మీద పడే అక్షరాలను నమ్మకండి, అది కూడా వాళ్ల పరిహాసమే. ‘మనీ’, ‘ఫార్గో’ వరసగా రెండు రాత్రులు చూడండి. పెళ్లాం కిడ్నాప్ అయితే తనకే లాభమనుకునే మొగుడు అనే ఒకే పిండితో ఒకరు పుణుకులు వేశారు, ఇంకొకరు గొంతు దిగని ముద్ద చేశారు. నాకు రెండూ కావాలి గానీ ఒకే రోజు వద్దు.

మధ్యలో నిలబడేది ‘బ్రోచేవారెవరురా’ (2019). మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ కీర్తన మొదటి మాటను తీసుకుని కిడ్నాప్ కథకు పేరు పెట్టడంలోనే వివేక్ ఆత్రేయ చమత్కారం తెలుస్తుంది. ‘నన్ను కాపాడేవారెవరు’ అనే ప్రశ్న ఈ సినిమాలో అందరిదీ. పరీక్షలు తప్పుతూ ఇంటర్ దగ్గరే ఆగిపోయిన ముగ్గురు స్నేహితులు శ్రీవిష్ణు, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ. నాట్యం నేర్చుకోవాలనుకునే ప్రిన్సిపాల్ కూతురు నివేదా థామస్. తనను తానే కిడ్నాప్ చేయించుకుంటే డబ్బు వస్తుందని ఆమె ఆలోచన. ఇంకోవైపు ఒక కొత్త దర్శకుడు సత్యదేవ్ ఒక సినిమా తారకు కథ చెబుతుంటాడు. ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో చెప్పను. కలిసినప్పుడు మాత్రం పక్కవాడి తొడ మీద ఒక దెబ్బ పడుతుంది. మొదటి అరగంట కాలేజీ అల్లరి మామూలుగానే ఉంటుంది, ఓపిక పట్టండి. ఫోన్ చూస్తూ సినిమా చూసేవాళ్లకు ఇది పనికిరాదు. పది నిమిషాలు తల దించితే ఎవరి డబ్బు ఎవరి దగ్గరుందో లెక్క తప్పుతుంది.

తమిళంలో ‘సూదు కవ్వుం’ (2013) ఈ జాతికి పెద్దన్న. నలన్ కుమారసామి తొలి సినిమా. విజయ్ సేతుపతి చేసిన కిడ్నాపర్‌కు కొన్ని నియమాలున్నాయి. పలుకుబడి ఉన్నవాళ్ల జోలికి పోకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. పక్కనే ఊహల్లో ఒక ప్రియురాలు కూడా ఉంటుంది. ఆ నియమాన్ని తప్పి నిజాయితీపరుడైన మంత్రిగారి కొడుకును ఎత్తుకొస్తారు. మంచివాడికి ఈ లోకంలో చోటెక్కడన్న ప్రశ్నకు ఈ సినిమా ఇచ్చే జవాబు నవ్విస్తూనే చేదుగా దిగుతుంది. అదే ఇందులోని అసలు సరుకు.

శవం సినిమాలు

2019ని నేను తెలుగు శవాల సంవత్సరం అంటాను. ఇంట్లోవాళ్లు తిడతారు, అయినా అంటాను. జూన్ 21న ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చింది. సరిగ్గా వారానికి జూన్ 28న పైన చెప్పిన ‘బ్రోచేవారెవరురా’. డిసెంబర్ 25న ‘మత్తు వదలరా’. పెద్ద హీరో ఒక్కడూ లేడు. మూడింటిలో రెండు దర్శకుల తొలి సినిమాలు. జనం ఒకరికొకరు చెప్పుకుని మరీ చూశారు. ఆ ఏడాది తర్వాత ‘కొత్తవాళ్ల క్రైమ్ కామెడీ’ అంటే నిర్మాతలు కూడా కుర్చీ చూపించడం మొదలుపెట్టారు.

‘ఏజెంట్’, ‘మత్తు వదలరా’లలో ఏది చూడాలని నన్ను తరచుగా అడుగుతారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల తేడా చాలా ఉంది.

‘ఏజెంట్’ నెల్లూరులో జరుగుతుంది. నవీన్ పొలిశెట్టి ఒక ప్రైవేటు డిటెక్టివ్. ఆఫీసు పేరు ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. కోటు, టోపీ, ఇంగ్లిషు సినిమాలు చూసి నేర్చుకున్న హావభావాలు. మొదటి సగమంతా ఆ వేషానికీ నెల్లూరు ఎండకూ మధ్య ఉన్న దూరమే హాస్యం. రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల దగ్గరికి కథ చేరాక నవ్వు పలచబడుతుంది. రెండో సగం దాదాపు పూర్తిగా సీరియస్ దర్యాప్తు. చనిపోయినవాళ్ల పట్ల, వాళ్లకోసం ఎదురుచూసేవాళ్ల పట్ల ఈ సినిమాకు గౌరవం ఉంది. అందుకే దీన్ని ఇంట్లో ధైర్యంగా పెట్టొచ్చు. శవాలున్నా శవాల మీద నవ్వు లేదు. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది డార్క్ కామెడీ కంటే నవ్వించే డిటెక్టివ్ కథ. చివర్లో విషయమంతా మాటలతో విడమరిచి చెప్పే తీరు నాకు కొంచెం పాఠంలా అనిపించింది.

‘మత్తు వదలరా’కు ఆ మొహమాటం లేదు. హైదరాబాద్‌లో పార్సిళ్లు మోసే డెలివరీ కుర్రాడు. నెలంతా బండి మీద తిరిగినా చేతికొచ్చే జీతం చూసి ఏడుపొస్తుంది. కస్టమర్ ఇచ్చిన డబ్బుల్లోంచి ఒక నోటు నొక్కేసే చిట్కాను రూమ్మేట్ నేర్పిస్తాడు. మొదటిసారి ఆ పని చేయబోయిన ఇంట్లో ఒక ముసలావిడ ఉంటుంది. అక్కడినుంచి ఆ ఒక్క నోటు మెడకు ఎలా చుట్టుకుంటుందన్నదే సినిమా. నేరం ఎంత చిన్నదో శిక్ష అంత పెద్దది, ఆ కొలతల మధ్య తేడాలోనే నవ్వుంది. ఆ రూమ్మేట్‌గా చేసిన సత్య ఈ సినిమాకు ప్రాణం. లోకం మునిగిపోతున్నా వాడి కళ్లు టీవీ సీరియల్ మీదే ఉంటాయి. ఆ సీరియల్ పేరడీ కోసమైనా సినిమా చూడొచ్చు. దర్శకుడు రితేష్ రాణా ఎక్కడా ఆగి నీతి చెప్పడు. ‘శ్రీకృష్ణపాండవీయం’లో ఘంటసాల పాడిన పాట పల్లవిని పేరుగా పెట్టుకోవడంతోనే ఆ కొంటెతనం మొదలైంది. సినిమాలో ఆ పేరుకు ఇంకో అర్థం కూడా ఉంది.

ఇక్కడ నాకు నచ్చే ఒక సంగతి. హీరో శ్రీసింహా, సంగీతం ఇచ్చిన కాలభైరవ ఇద్దరూ కీరవాణి కొడుకులు. 1991లో తండ్రి ‘క్షణ క్షణం’కు బాణీలు కట్టాడు. 28 ఏళ్ల తర్వాత కొడుకులిద్దరూ అదే జాతి సినిమాతోనే, ఒకరు హీరోగా, ఒకరు సంగీత దర్శకుడిగా తొలి అడుగు వేశారు.

2024 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో భాగం నవ్వులో మొదటిదాన్ని మించింది, టెన్షన్‌లో వెనకబడింది. పేరడీల జోరు పెరిగి శవం బరువు తగ్గింది. మొదటిది చూడకుండా రెండోది పెట్టకండి, సగం జోకులు గాలికి పోతాయి.

ఇక ‘అంధాధున్’ (2018). శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వం, పూణెలో జరిగే కథ, ఒక ఫ్రెంచ్ లఘుచిత్రం నుంచి పుట్టిన ఆలోచన. ఆయుష్మాన్ ఖురానాకు దీంతో జాతీయ అవార్డు వచ్చింది. నా వరకు మాత్రం ఇది టబు సినిమా. వంటింట్లో పీత కూర వండినంత శ్రద్ధగా నేరం చేస్తుంది, చేశాక చేతులు కడుక్కుంటుంది. పై రెండింటితో పోలిస్తే ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. ‘ఏజెంట్’లో మనం డిటెక్టివ్ పక్షం, ‘మత్తు వదలరా’లో డెలివరీ కుర్రాడి పక్షం. ‘అంధాధున్’లో పక్షం తీసుకోవడానికి మనిషి దొరకడు. ప్రతి ఒక్కడూ ఇంకొకడిని మోసం చేస్తుంటాడు. నవ్వుతూనే కాళ్ల కింద నేల వెతుక్కోవాలి. ఏడేళ్ల పిల్లవాడికి అంత నేల ఉండదు. ఆ రాత్రి నేను మరిచింది అదే.

శవం సినిమాలకు తాతగారు ‘జానే భీ దో యారో’ (1983). కుందన్ షా తీశారు. నసీరుద్దీన్ షా, రవి బస్వానీ బొంబాయిలో ఫోటో స్టూడియో పెట్టుకున్న ఇద్దరు అమాయకులు. తాము తీసిన ఫోటోలో హత్య బయటపడుతుంది. బిల్డర్లు, అధికారులు, పత్రికలవాళ్లు అంతా ఒకే తాను ముక్కలని తెలుస్తుంది. కమిషనర్ శవంగా సతీష్ షా చేసింది మామూలు నటన కాదు. చివర్లో ఆ శవానికి చీర కట్టి మహాభారత నాటకం మధ్యలోకి తోసేస్తారు, ద్రౌపదీ వస్త్రాపహరణం జరుగుతుంటే. మన ఊళ్లలో రాత్రంతా పద్యనాటకాలు చూసినవాళ్లకు ఆ సీను ఇంకో నాలుగు రెట్లు ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. ప్రింటు పాతది, మొదట్లో నెమ్మది, హిందీ జోకులు కొన్ని జారిపోతాయి. అయినా చూడండి. అంత నవ్వించాక చివరి నిమిషంలో ఆ సినిమా చేసే పని మాత్రం మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వదు.

అసలా, డబ్బింగా, రీమేకా?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ఈ తరహా సినిమాల్లో చాలా పెద్దది. డార్క్ కామెడీ నిలబడేది మాట విరుపు మీద, మౌనం పొడుగు మీద. ఫైట్ సీను ఏ భాషలోనైనా ఫైటే. శవం పక్కన కూర్చుని “కాఫీ తాగుతారా” అని అడిగే గొంతు మారితే జోకు చచ్చిపోతుంది.

‘అంధాధున్’ను తెలుగులో ‘మాస్ట్రో’గా మేర్లపాక గాంధీ తీశారు. నితిన్ హీరో, టబు పాత్రలో తమన్నా, కథ గోవాకు మారింది. 2021 సెప్టెంబర్‌లో నేరుగా ఓటీటీలో వచ్చింది. మలయాళంలో ‘భ్రమమ్’, తమిళంలో ‘అంధగన్’ కూడా ఉన్నాయి. ‘మాస్ట్రో’ అసలును గౌరవంగా, దాదాపు సీను వెంట సీనుగా అనుసరిస్తుంది. తమన్నా భయపెట్టడానికి గట్టిగానే కష్టపడింది. కష్టపడటం కనిపించడమే అక్కడ చిక్కు. టబుకు కష్టం కనిపించదు. ఇంకో సంగతి కూడా ఉంది. హిందీలో హత్యకు గురయ్యే పాత తార పాత్ర వేసింది నిజంగానే డెబ్బైల నాటి హీరో అనిల్ ధావన్. ఇంట్లో తన నిజమైన పాత పాటలే టీవీలో పెట్టుకుని చూసుకుంటుంటాడు. ఆ సరదాలోని దిగులు ఇంకో భాషకు మోసుకెళ్లడం కష్టం. హిందీ అర్థమయ్యేవాళ్లు, సబ్‌టైటిల్స్ చదవగలిగేవాళ్లు అసలే చూడాలి. అక్షరాలు పరిగెడుతుంటే చదవలేని పెద్దవాళ్లు పక్కనుంటే ‘మాస్ట్రో’ పెట్టండి, మొహమాటపడక్కర్లేదు. కథ పట్టు అందులోనూ సడలదు. ఒకటి చూశాక రెండోది మాత్రం వద్దు, ట్విస్టులు తెలిశాక పియానో ఒక్కటే మిగులుతుంది.

‘సూదు కవ్వుం’ను తెలుగులో రాజశేఖర్ హీరోగా ‘గడ్డం గ్యాంగ్’ (2015) అని తీశారు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. అసలులో కిడ్నాపర్ ఎవడికీ గుర్తుండని మనిషి, అదే వాడి బలం. తెలిసిన హీరో ఆ కుర్చీలో కూర్చోగానే మనం వాడు గెలుస్తాడని ఎదురుచూస్తాం. ఈ తరహా కథకు అంతకు మించిన చేటు లేదు. తమిళం రాకపోయినా సబ్‌టైటిల్స్‌తో అసలే చూడండి.

డబ్బింగ్ విషయంలో నా అభిప్రాయం కొంచెం మెత్తన. ‘కో కో కోకిల’, అదే దర్శకుడి ‘వరుణ్ డాక్టర్’ (2021) తెలుగులో బాగానే నడుస్తాయి. నెల్సన్ పాత్రలు తక్కువ మాట్లాడి ఎక్కువ చూస్తాయి. చూపుకు డబ్బింగ్ అక్కర్లేదు. ‘ఫార్గో’ను మాత్రం ఇంగ్లిషులోనే చూడాలి. అక్కడి జనం హత్య గురించి కూడా ‘యా, యా’ అంటూ మర్యాదగా మాట్లాడుకునే ఆ యాస పోతే సినిమా సగం పోయినట్టే.

ఎవరితో, ఎప్పుడు

పిల్లలుంటే సర్టిఫికెట్ ఒకసారి చూడండి. 2024 నుంచి యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లని మెట్లు వేశారు, కొత్త సినిమాలకు ఇది పనికొస్తుంది. పాతవాటికి ఉత్త యూఏ అనే ఉంటుంది, అది మీకేమీ చెప్పదు. పదేళ్లలోపు పిల్లలుంటే నా లెక్కలో సంచీ గీత దాటకండి. ‘క్షణ క్షణం’ చాలు. గీత దాటక తప్పకపోతే లేత రంగు ‘మనీ’. నలుగురైదుగురు స్నేహితులు, బిర్యానీ ప్యాకెట్లు, రాత్రి పది దాటింది అంటే ‘మత్తు వదలరా’కు సాటి లేదు. దాన్ని ఒంటరిగా చూస్తే నవ్వు సగమే వస్తుంది, పక్కవాడి నవ్వు కూడా కావాలి. దీనికి పూర్తిగా ఎదురు ‘ఫార్గో’. ఒక్కరే, వీలైతే వానాకాలంలో, దుప్పటి కప్పుకుని చూడాల్సిన సినిమా. కొత్తగా పెళ్లైన జంటకు ‘మనీ’ చెప్పొచ్చు, ‘అంధాధున్’ చెప్పకూడదు. ఎందుకో చూశాక మీకే తెలుస్తుంది.

కథ మధ్యలో “వీడెవడు, ఇందాక చచ్చిపోయాడుగా?” అని అడిగే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో బాబాయి. ఆయన ఉంటే ‘బ్రోచేవారెవరురా’, ‘అంధాధున్’ రెండూ పక్కన పెట్టి ‘ఏజెంట్’ పెడతాను. ఆయన అడగబోయే ప్రశ్నలన్నీ ఆ డిటెక్టివే అడిగి, జవాబు కూడా తనే చెబుతాడు. ఈ తరహా సినిమాల రిలీజుల రోజుల్లో చూసినవాడికి, చూడనివాడికి మధ్య గొడవలు పడ్డాయి మా ఆఫీసులో, ట్విస్టు చెప్పేశాడని. కాబట్టి ట్రైలర్లు కూడా పూర్తిగా చూడకండి. వికీపీడియాలో కథ చదవడం ఇంకా పెద్ద పాపం.

ఏ యాప్‌లో ఏది ఉందో మాత్రం నేను రాయను. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండటం లేదు. పేరు కొట్టి వెతుక్కోవడమే మేలు.

కనుమ అయిన మూడు వారాలకు పెద్దమ్మ ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులు, తోటలో మామిడి పూత, ఎవరిదో నిశ్చితార్థం, అన్నీ అయ్యాక కాసేపు ఆగి, “ఇంతకీ ఒరేయ్, ఆ పియానో అబ్బాయికి కళ్లు కనబడతాయా, కనబడవా?” అంది.

“అది చెబితే సినిమా పోతుంది పెద్దమ్మా.”

“సరేలే. ఉగాదికి వస్తావుగా, అప్పుడు పెట్టు. పిల్లలు పడుకున్నాక.”